చెన్నై నుంచి తిరుపతికి, పక్కనే గ్రహశకలపు రేణువుతో

ఈ బ్లాగులో నేను ఇంతవరకు రాసినవన్నీ సెలవు రోజుల తిరుగుళ్ళే. తలకోన, ఉబ్బలమడుగు, నగరి కొండలు. ఈసారి రాస్తున్నది ఉద్యోగం మీద చేసిన ప్రయాణం. తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర విభాగంలో నేను టెక్నికల్ అసిస్టెంటుని. రాళ్ళను పలుచగా కోసి, అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూడటానికి సిద్ధం చేయడం నా పని. పద్నాలుగేళ్ళుగా నా చేతుల మీదుగా వెళ్ళినవన్నీ మన చుట్టుపక్కల రాళ్ళే. కుప్పం నల్లరాయి, మంగంపేట ముగ్గురాయి, పుత్తూరు కొండల ఇసుకరాయి. మొన్న జూన్‌లో మాత్రం నేను తెచ్చిన రాయి భూమ్మీదది కాదు. అందుకే ఈ టపా కాస్త పొడుగవుతుంది.

ర్యుగు అనే ఒక చిన్న గ్రహశకలం ఉంది. బొగ్గులా నల్లటిది, సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. జపాన్ వాళ్ళ అంతరిక్ష నౌక దాని మీద రెండుసార్లు దిగి, పొడీ రేణువులూ పట్టుకొచ్చి, 2020లో ఆస్ట్రేలియా ఎడారిలో వదిలింది. వచ్చిందంతా కలిపి ఐదు గ్రాములకు కాస్త ఎక్కువ. అందులోంచి పరిశోధన కోసం రేణువులను కొన్నాళ్ళ అరువుకు ఇస్తారు. మా ప్రొఫెసర్ కుసుమ మేడమ్ ఒకసారి దరఖాస్తు పెడితే రాలేదు. రెండోసారి మా పరికరాల గురించి, వాటి మీద పనిచేసేవాళ్ళ గురించి కూడా అడిగారు. మేడమ్ నా పేరు రాసి, నేను కోసిన రాతి పలకల ఫోటోలు జత చేసి పంపింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఒక రేణువు ఆరు నెలల అరువుకు మంజూరైందని ఉత్తరం వచ్చిన రోజు ఆ కాగితాలన్నీ నా ముందు పెట్టింది.

షరతులు గట్టివి. రేణువు నైట్రోజన్ నింపిన చిన్న డబ్బాలో ఉంటుంది. ఆ డబ్బా ఇంకో పెట్టెలో ఉంటుంది. పెట్టె సీలు మా ల్యాబులోనే, ఇద్దరి సమక్షంలోనే తెంచాలి. లోపలి మూతకు ఒక తెల్ల బిళ్ళ అంటించి ఉంటుంది. పెట్టెకు గట్టి దెబ్బ తగిలితే అది ఎర్రగా మారుతుంది. ఎర్రగా మారితే డబ్బా తెరవకుండానే వెనక్కి పంపాలి. పెట్టెను ఎండలో వేడెక్కనివ్వకూడదు. రేణువును ఉంచే నైట్రోజన్ గాజు పెట్టె సిద్ధం చేయడానికి మేడమ్ తిరుపతిలోనే ఉండాలి కాబట్టి, చెన్నై విమానాశ్రయం నుంచి పెట్టె తెచ్చే పని నాకు పడింది. "దోవలో ఎవరికీ చెప్పొద్దు సుగుణా. ఊరికే గుంపు చేరుతుంది" అని మాత్రం అంది.

పొద్దున ఐదింటికి తిరుపతి నుంచి బయలుదేరాం. కారు మునిరత్నం అన్నది. యాభై దాటిన మనిషి, సత్యవేడు పక్క పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక తిరుపతికి వచ్చేశాడు. మా విభాగం వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయన్నే పిలుస్తారు. రాను పోను కిరాయి ఆరు వేలు, టోలు వేరే. వెళ్ళేటప్పుడు పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా పోయాం. దగ్గర దారి అదే. కానీ ఊత్తుకోట దాటాక రోడ్డు తవ్వేసి కంకర పోసి ఉంది. ఆ కుదుపులకు నా చేతిలోని నీళ్ళ సీసా రెండుసార్లు కిందపడింది. తిరుగు ప్రయాణం ఈ దారిన వద్దని అప్పుడే అనుకున్నాను.

సరుకుల విభాగంలో కాగితాల పని రెండు గంటలు పట్టింది. కస్టమ్స్ అధికారి తమిళాయన. వస్తువు విలువ ఎంత అని అడిగాడు. అమ్మేది కాదు, తిరిగి ఇచ్చేయాల్సింది అన్నాను. "ఏం వస్తువు?" అన్నాడు. రాయి అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, కాగితం మొదటి నుంచి మళ్ళీ చదివాడు. చదవడం అయ్యాక లేచి నిలబడి, పెట్టెను రెండు చేతులతో అందించాడు. పెళ్ళిలో మిఠాయిలు పంచే పెట్టెకంటే పెద్దదేమీ కాదు. బరువు రెండు కిలోలు ఉంటుందేమో. అప్పటికి పదకొండు కావస్తోంది.

"డిక్కీలో పెడదామా మా?" అన్నాడు మునిరత్నం అన్న.

"వద్దన్నా, ఒళ్ళో పెట్టుకుంటా. ల్యాబు సామాను."

వెనక సీట్లో కూర్చుని, పెట్టెతో కలిపి బెల్టు పెట్టుకున్నాను. ఊరి బయటి రింగు రోడ్డు పట్టుకుని, కోల్‌కతా హైవే ఎక్కి, తడ, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి చేరాలని అనుకున్నాం. దూరం ఎక్కువే గానీ రోడ్డు నున్నగా ఉంటుంది. నాకు మాత్రం నున్నటి రోడ్డు మీద కూడా ప్రాణం కుదురుగా లేదు. ఫ్లైఓవరు అతుకుల మీద కారు టకటకమంటే పెట్టెను కావలించుకుంటున్నాను. నెమ్మదిగా పొమ్మని మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు.

"నా తోలడం నచ్చకపోతే సెప్పండి మా. ముప్పై ఏండ్లుగా తోల్తా ఉండా. పెట్టెలో ఏముండాదో సెప్పకుండా నెమ్మది నెమ్మది అంటా ఉంటే నేనేం సేసేది?"

కోపంగా అనలేదు. అయినా ఆ తరువాత నెమ్మది అనడం మానేసి, పెట్టెను మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

తడకు పన్నెండున్నరకు చేరాం. ఊరు దాటకముందే బండ్లు ఆగిపోయి ఉన్నాయి. ముందెక్కడో సూళ్ళూరుపేట వైపు ఒక ట్యాంకరు బోల్తా పడిందట. క్రేను రావాలి, సాయంత్రం దాకా కదలవని పోలీసు ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చి చెప్పి పోయాడు. మునిరత్నం అన్న కారు పక్కకు తీసి, భోజనం హోటలు ముందు రేకుల నీడలో పెట్టాడు. భోజనం నూటిరవై, సాంబారు, కారక్కొళంబు అనే కారం పులుసు, రసం, మజ్జిగ. బాగుంటుంది, ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఆగొచ్చు. నేను పెట్టె బల్ల మీద నా పక్కనే పెట్టుకుని, ఎడమచేయి దాని మీద వేసి తిన్నాను.

"ఏం మా, తిండి తినేటప్పుడు కూడా వదల్లేదే. బంగారమా?" అంది వడ్డిస్తున్న పెద్దామె. హోటలు ఆమెదే, వంటా ఆమెదే.

"కాదమ్మా" అన్నాను.

మునిరత్నం అన్న మజ్జిగ తాగి, గ్లాసు పెట్టి అన్నాడు. "రెండు దోవలుండాయి మా. ఒకటి, ఈడనే సాయంత్రం దాకా కూసోవాల. ఎండ సూసినారు కదా. రెండోది, వరదయ్యపాళెం మీద సత్యవేడుకు పోయి, నాగలాపురం, పుత్తూరు పట్టుకునేది. నేను పుట్టి పెరిగిన దోవ. కానీ స్పీడు బ్రేకర్లు జాస్తి, గుంతలుండాయి. పెట్టెలో ఏముండాదో తెలిస్తే ఏ దోవ మంచిదో నేను సెప్తా. తెలీకపోతే మీరే సెప్పాల."

మేడమ్‌కు ఫోను చేయాలని తీశాను. మళ్ళీ లోపల పెట్టేశాను. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఫోనులో అడిగి తేల్చుకునే సంగతి కాదది. అంతా చెప్పేశాను. ఆకాశంలో తిరిగే రాయి గురించి, దాన్ని తెచ్చిన నౌక గురించి, తెల్ల బిళ్ళ గురించి. పెద్దామె రసం గిన్నె చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి వింది.

"రాయి కోసరం అంత దూరమా? మన కొండల్లో లేని రాళ్ళా?" అంది.

"మన రాళ్ళన్నీ కరిగి, మళ్ళీ గట్టిపడి, వానకు నాని, రూపు మారినవేనమ్మా. భూమి పుట్టినప్పటి రాయి అట్లనే ఎక్కడా మిగల్లేదు. ఇది అప్పటిది. దీని లోపల మట్టిలో నీళ్ళ జాడ కూడా ఉండాది."

"రాతిలో నీళ్ళా?"

"ఉండాయమ్మా. మన సముద్రంలో నీళ్ళు ఎక్కడివని అడిగేవాళ్ళు ఇట్లాంటి రాళ్ళనే వెతుకుతారు."

మునిరత్నం అన్న చేయి కడుక్కుని వచ్చి అడిగాడు. "గట్టిగా తగిల్తే రాయి పగుల్తాదా?"

"పగలకపోవచ్చు. బిళ్ళ ఎర్రగా అయితే మాత్రం తెరవకుండానే వెనక్కి పంపాల. మళ్ళీ మనకు ఇస్తారో లేదో తెలీదు."

"అంటే గుడ్డు మాదిరి. పన్నెండేండ్లు గుడ్ల వ్యాను తోలినా మా, ఈ దోవలోనే. లోడు దించేటప్పుడు రెండు ట్రేల కంటే జాస్తి పగిలుంటే ఆ పొద్దు తల ఎత్తుకోలేక పోయేవాణ్ణి. పదండి, సత్యవేడు మీద పోదాం."

అప్పటి నుంచి ప్రయాణం ఆయన చేతిలోకి వెళ్ళింది. పక్కనున్న పంక్చరు షాపులో నాలుగు చక్రాల్లోనూ కొంచెం గాలి తీయించాడు. "వెనక సీటు వెనక చక్రాల మీద ఉంటాది, ఎగిరేది ఆడనే. ముందుకు రండి" అని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. కారు కదలబోతుంటే పెద్దామె వచ్చి కిటికీలోంచి ఒక చుట్టకుదురు అందించింది. నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు వాడే పాత గుడ్డ చుట్ట. "దీని మీద పెట్టుకో. కదలదు" అంది. భోజనానికి ఇచ్చిన డబ్బులో నా వంతు తిరిగి ఇచ్చేసింది. ఎంత బతిమాలినా తీసుకోలేదు.

తడలో హైవే వదిలి పడమరకు తిరిగితే ముందు ఫ్యాక్టరీల బస్సులు ఎదురవుతాయి. వరదయ్యపాళెం దాటాక పొలాలు మొదలవుతాయి. కోతకోసిన వరి మళ్ళు, వేరుశనగ, గట్టుల మీద తాటిచెట్లు. ఉబ్బలమడుగు జలపాతం కోసం ఈ రోడ్డు మీద నేను రెండుసార్లు వచ్చాను గానీ, రోడ్డును ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. స్పీడు బ్రేకరు కనిపించకముందే మునిరత్నం అన్న యాక్సిలరేటరు వదిలేసేవాడు. కారును కొంచెం ఏటవాలుగా తిప్పి, ఒక్కొక్క చక్రాన్నే ఎక్కించి దించేవాడు. "బ్రేకు తొక్కితే ముందుకు కొడతాది. బ్రేకు తొక్కే పని రాకుండా తోలాల" అన్నాడు. ఏ ఊరి ముందు ఎన్ని బ్రేకర్లో ఆయనకు నోటికి వచ్చు. కొత్తగా వేసింది ఒకటి తగిలితే మాత్రం, తెలియకపోయినందుకు సిగ్గుపడినట్టు తల తిప్పుకున్నాడు.

సత్యవేడుకు రెండున్నర అయింది. బస్టాండు దగ్గర టీకి ఆగాం. నేను కారు దిగలేదు. ఆయన గ్లాసు తెచ్చి ఇస్తుంటే తెలిసిన మనిషొకాయన వచ్చి పలకరించాడు. "ఏం అప్పా, ఈ పక్క వచ్చినావే. ఏం లోడు?"

"యూనివర్సిటీ సామాను లేప్పా" అన్నాడు మునిరత్నం అన్న. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. బయలుదేరాక రోడ్డు పక్కనున్న బడి చూపించాడు. "ఈడనే ఎనిమిది దాకా సదివినా. సైన్సు అయ్యవారు చంద్రుడి మీదికి మనుషులు పోయినారని సెప్తే, ఇంటికి పోయి మా నాయనతో సెప్పినా. అబద్ధమన్నాడు మా నాయన. సచ్చేదాకా నమ్మలేదు." బడి దాటాక, "ఇప్పుడుంటే పక్కన కూసోబెట్టుకుని తీసుకుపోయేవాణ్ణి" అన్నాడు.

నాగలాపురం ఇంకా రాలేదు. ఒక మలుపులో ఎదురుగా మామిడికాయల ట్రాక్టరు వచ్చింది. సరిగ్గా అదే సమయానికి ఎడమ పక్క కంపచెట్లలోంచి మేకల మంద రోడ్డు మీదికి దూకింది. నేను బ్రేకు పడుతుందనుకుని పెట్టె మీదికి వంగిపోయాను. బ్రేకు పడలేదు. కారు మందకు ఇవతలే రోడ్డు దిగి ఇసుకలోకి వాలింది, చక్రాలు కూరుకుపోతూ తనంత తానే ఆగింది. నా మోకాలు ముందున్న డ్యాష్‌బోర్డుకు తగిలింది. ఏదో టక్‌మన్నది. ఆ చప్పుడు మోకాలిదో పెట్టెదో నాకు తెలియలేదు.

మేకలాయన కట్టె ఊపుకుంటూ వచ్చి, "ఏం సామీ, నిద్రపోతా తోల్తా ఉండావా?" అన్నాడు.

"తప్పే అప్పా. మలుపులో హారను కొట్టాల్సింది" అన్నాడు మునిరత్నం అన్న. మేకలకేం కాలేదని చూసుకుని మేకలాయనా, ట్రాక్టరు వాళ్ళూ కలిసి కారును మెల్లగా రోడ్డు మీదికి నెట్టారు. బిళ్ళ సీలు లోపల ఉంది. చూసే దారి లేదు. పిచ్చాటూరు, నారాయణవనం దాటాం. పుత్తూరు దగ్గర మామిడి లోడ్లు వరుసగా నిలబడి ఉంటే వాటి వెనక అరగంట పాకాం. వడమాలపేట వచ్చింది.

"ఎర్రగా అయ్యుంటాదా మా?" అన్నాడు మునిరత్నం అన్న.

"తెలీదన్నా. అయినా నీ తప్పేముంది?"

"తప్పు నాది కాదన్నంత మాత్రాన బిళ్ళ తెల్లగా ఉంటాదా మా?" అన్నాడు.

ఆరు కావస్తుండగా విశ్వవిద్యాలయం చేరాం. ఎండ ఇంకా శేషాచలం మీదుంది. కిరాయి తీసుకుని వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. ఆయన ల్యాబు వసారాలో చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మేడమ్ తలుపు తీసింది. "అన్నను కూడా లోపలికి రానిద్దాం మేడమ్. ఏం తెస్తున్నామో ఆయనకు చెప్పేశాను" అన్నాను. చెప్పొద్దన్నది మేడమే. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, "రమ్మను" అంది.

సీలు నంబరు మేడమ్ పైకి చదివింది, నేను రాసుకున్నాను. కత్తెరతో తెంచింది. మూత ఎత్తేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నానని తరువాత వాళ్ళు చెప్పారు. నాకైతే గుర్తు లేదు. మేడమ్ గొంతు మాత్రం వినిపించింది.

"తెల్లగానే ఉంది."

చూశాను. బిళ్ళ పాలలా తెల్లగా ఉంది. మేడమ్ కుర్చీలో కూర్చుండిపోయింది. మునిరత్నం అన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఆ మేకల కాడ నా పానం పోయింది మా. మీతో అనలేదు" అన్నాడు.

మరునాడు పదకొండింటికి డబ్బా తెరిచాం. ఆ పని నాది. గాజు పెట్టె గోడకు అమర్చిన రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి, లోపల నైట్రోజన్‌లో, సన్నటి సూది కొనతో రేణువును చిన్న పళ్ళెం మీదికి మార్చాలి. ఆవగింజలో సగం కూడా లేదు. పోతే వెతకడానికి వీల్లేదు. పద్నాలుగేళ్ళు రాళ్ళు అరగదీసిన చేతులు ఆరోజు నా మాట విన్నాయి. రేణువు పళ్ళెంలో దిగగానే తెర మీద దాని బొమ్మ వచ్చింది. నల్లగా, గరుకుగా, ఒక పక్క చిన్న మెరుపుతో.

మేడమ్ రమ్మంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన మునిరత్నం అన్న తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు. "బొగ్గు మాదిరి ఉండాది" అన్నాడు. తరువాత, "ఇంత సిన్నదానికా నేను అంత బయపడినాను" అని తనలో తాను నవ్వుకున్నాడు.

మధ్యాహ్నం దాని మీద పరారుణ కాంతి వేసి చూశాం. కంటికి కనిపించని ఆ కాంతిని ఏ పదార్థం ఎక్కడ పీల్చుకుంటుందో మా యంత్రం ఒక గీతగా గీస్తుంది. గీత కొంతదూరం సాఫీగా వెళ్ళి, ఒక చోట లోతుగా దిగి మళ్ళీ లేచింది. మట్టిలో బంధించి ఉన్న నీళ్ళ జాడ అది. ప్రపంచంలోని పెద్ద ప్రయోగశాలలు ఎప్పుడో చూసిన సంగతే, మేము కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కానీ వాళ్ళు చూసిన చోటే మా యంత్రమూ చూపించింది. ఇక మేమడగాలనుకున్న ప్రశ్న అడగొచ్చు. ఈ రాయి తన జీవితంలో ఎంత వేడిని చూసింది, ఆ వేడికి ఎన్ని నీళ్ళు పోగొట్టుకుంది అన్నది మా పని. మేడమ్ ఆ పల్లం మీద వేలు పెట్టి, "మన తిరుపతిలో చూశాం" అంది.

సాయంత్రం రేణువుతో వచ్చిన కాగితం నింపాం. ఆ రేణువు ఎవరెవరి చేతులు మారిందో అందులో వరుసగా ఉంటుంది. జపాన్‌లో సంతకాలు, విమానం వాళ్ళవి, చెన్నై అధికారిది. తరువాతి గడిలో నేను నా పేరు రాశాను. మేడమ్ ఆ కాగితాన్ని మునిరత్నం అన్న ముందుకు జరిపి, "రోడ్డు మీద తెచ్చింది మీరు. ఇక్కడ చెయ్యండి" అంది.

"ఇంగ్లీషులో రాదు మేడమ్."

"తెలుగులో చెయ్యండి."

ఆయన కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కొక్క అక్షరం పేర్చినట్టు రాశాడు. జె. మునిరత్నం, డ్రైవరు. ఆరు నెలల తరువాత రేణువు వెనక్కి వెళ్ళేటప్పుడు ఆ కాగితమూ దానితోనే వెళుతుంది. దాన్ని అక్కడ దాచి ఉంచుతారు.

నాకు గర్వంగా ఉందా అని ఇంట్లో అడిగారు. ఉంది. నా చేతుల్ని చూసి ఒక రేణువును ఇక్కడికి పంపారన్నది చిన్న సంగతి కాదు. కానీ ఎక్కువ గర్వం తడ నుంచి తిరుపతి దాకా నా పక్కన కూర్చున్న మనిషిని తలచుకుంటే కలుగుతుంది. చెన్నై నుంచి తడ దాకా ఆయనకు ఏమీ చెప్పకుండా, ఆయన చేతుల్ని నమ్మకుండా కూర్చున్నాను. చెప్పిన క్షణం నుంచి ఆ కారులో నాకంటే ఎక్కువ జాగ్రత్త ఆయనది. పెద్ద పని అంటే పెద్ద చదువులవాళ్ళదే అని మా ఊళ్ళల్లో అనుకుంటారు. ఇన్నాళ్ళూ నేనూ కొంత అలాగే అనుకున్నానని ఆ రోజు తెలిసింది. ఆ రాయి అంతరిక్షంలో వచ్చిన దూరమంతా లెక్కవేసి చెప్పగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. చివరి వంద కిలోమీటర్లు ఎలా తీసుకురావాలో తెలిసినవాడు సత్యవేడు మనిషి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. చెన్నై నుంచి తిరుపతికి తడ, సత్యవేడు, నాగలాపురం, పుత్తూరు దారి పట్టేటట్టయితే మధ్యాహ్నం రెండులోపే తడ దాటండి. మామిడి కాలంలో నాలుగు దాటితే పుత్తూరు దగ్గర లోడ్ల వరుసలో చిక్కుకుంటారు.